చిలకముక్కు గీత

ఆ వీధి చివరి క్వార్టరు దగ్గరికి వచ్చేసరికి ఎంత నెమ్మదైన మనిషి సైకిలైనా జోరందుకునేదట. రెండో షిఫ్టు దిగి రాత్రి ఇళ్లకు వచ్చేవాళ్లు అక్కడ గంట కొట్టేవారు కాదు, బీడీ వెలిగించేవారు కాదు, పక్కకు తిరిగి చూసేవారు కాదు. ముక్కు మాత్రం మూసుకునేవారు.

ఎందుకంటే... అక్కడ అరటిపండు వాసన వచ్చేది.

ఆ పెరట్లో అరటిచెట్టు లేదు. ఆ మాటకొస్తే వీధి మొత్తంలో లేదు. జామ ఉంది, మునగ ఉంది, ఎవరింటికీ చెందని ఒక సీతాఫలం చెట్టుంది. అయినా చీకటి పడ్డాక గాలి అటునుంచి వీస్తే, బాగా మగ్గిన గెల ఎవరో ముక్కు ముందు పెట్టినట్టుండేది.

ఇది భిలాయ్ ఉక్కు ప్లాంటు కాలనీలో తొంభైల మొదట్లో జరిగింది. ఏ సెక్టారో చెప్పడం లేదు. ఇప్పుడక్కడ కాపురమున్నవాళ్లు నిద్రపోవాలి కదా.

ఆ క్వార్టరులో పూర్వం పోలయ్య అనే పెయింటరు ఉండేవాడు. ప్లాంటులో ఇంజన్ల మీదా క్రేన్ల మీదా నంబర్లు రాయడం ఆయన పని. వీధిలో ఇళ్ల గోడల మీద నంబర్లు కూడా ఆయన చేతివే. ఏ గీత గీసినా చివర చిన్న చిలకముక్కులా ఒంపు తిప్పి వదిలేవాడు. అది చూస్తే చాలు, పోలయ్య గీత అని పోల్చేయవచ్చు. రంగులో కలిపే థిన్నరు వాసన ఆయన ఒంటికి పట్టేసింది, ఆ వాసన అచ్చం మగ్గిన అరటిపండుదే. ఒక ఏడాది జ్వరమొచ్చి పోయాడు. పెళ్లాం బిడ్డలు రాజాం వైపు సొంతూరికి వెళ్లిపోయారు. వాసన మాత్రం క్వార్టరు ఖాళీ చెయ్యలేదు. తర్వాత ఆ ఇల్లు ఎవరికి ఇస్తామన్నా వాళ్లు వద్దనేవారు.

దెయ్యం ఎవరిదన్న విషయంలో వీధిలో ఏకాభిప్రాయం లేదు. పాలు పోసే ఛత్తీస్‌గఢీ ఆమె అది పరేతిన్ అంది, అంటే వాళ్ల భాషలో ఆడదెయ్యం. ఎదురింటి బెంగాలీ ఆయన బ్రహ్మరాక్షసుడన్నాడు. మనవాళ్లలో పెద్దావిడ గున్నమ్మ మాత్రం, "పోలయ్యే. మనోడే," అని తేల్చేసింది. ఆ గొంతులో భయం కంటే గర్వమే కాస్త ఎక్కువ ఉండేదని విన్నవాళ్లు చెప్తారు.

అలాంటి ఇంట్లోకి ఒక మనిషి రాత్రిపూట తనంతట తాను వెళ్లాడంటే — ఆయనకి గుండెధైర్యమైనా ఉండాలి, దెయ్యాన్ని మించిన భయమేదైనా ఉండాలి.

అదే వీధిలో ఉండే జోగయ్యది రెండోది. ఆ భయం పేరు బలరాం.

బలరాం జోగయ్య భార్య పార్వతమ్మకి స్వయానా అన్న. ఆయనకొక రాజ్‌దూత్ మోటారుసైకిలు ఉండేది, పండిన నేరేడుపండు రంగుది. దానికి ట్యాంకు తుడిచే గుడ్డ వేరు, చక్రాలు తుడిచే గుడ్డ వేరు. ఎవరైనా దాని మీద చెయ్యి ఆనించి మాట్లాడితే, బలరాం మాట్లాడుతూనే ఆ చెయ్యి తీసి పక్కన పెట్టేవాడు. కొన్నప్పటి నుంచి దాని మీద గీరు పడలేదు. జోగయ్య క్రేను నడిపేవాడు, టన్నుల కొద్దీ ఇనుము గాలిలో తిప్పేవాడు. కానీ బావ బండి హ్యాండిలు ఒక్కసారి పట్టుకుందామంటే మాత్రం, "నీది సైకిలు చెయ్యి జోగయ్యా," అనేవాడు బలరాం, నలుగురిలోనూ.

ఆ ఏడాది వానలు వెళ్లాక బలరాం నెలరోజులు సెలవు పెట్టి, ఇంటికి పెంకు నేయించడానికి టెక్కలి వెళ్లాడు. బండి చెల్లెలింటి వరండాలో పెట్టి, గొడుగు గుడ్డతో కుట్టించిన ముసుగు తొడిగాడు. ప్లాంటు దుమ్ము పడుతుంది కాబట్టి ముసుగు రోజూ దులపాలన్నాడు. అన్నీ చెప్పాక కూడా కాలు కదలక నిలబడితే, పార్వతమ్మ అన్న చేతిలో చెయ్యేసింది.

"నా పూచీ అన్నయ్యా. మీ బావ దాన్ని ముట్టరు."

జోగయ్య వారం రోజులు ముట్టలేదు. ముసుగెత్తి చూశాడు, అంతే.

ఆ ఆదివారం పార్వతమ్మ స్మృతి నగర్‌లో ఎవరి బిడ్డకో పేరు పెడుతుంటే వెళ్లింది. బండి ఊరికే ఉంటే బ్యాటరీ దిగిపోతుందేమో అన్న దయ జోగయ్యలో పుట్టింది. నందిని గనుల దాకా వెళ్లి వద్దామనుకున్నాడు. వెళ్లేటప్పుడు బ్రహ్మాండంగా వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు ఒక మేక రోడ్డు దాటుతూ సగంలో మనసు మార్చుకుంది. మేకకి ఏమీ కాలేదు. జోగయ్యకి మోకాలు చీరుకుంది. బండి మాత్రం రోడ్డు పక్క సున్నపురాయి గుట్టనెక్కి పడుకుంది.

ట్యాంకు మీద తలకాయంత సొట్ట. ముందు మడ్‌గార్డు అప్పడంలా మడత. ఒక పక్క రంగు లేచిపోయి తెల్లని రేకు కనపడుతోంది.

పార్వతమ్మ తిరిగొచ్చే లోపల దాన్ని ఎక్కడ దాచాలి? ఎవరూ రాని చోటు... తలుపులు మూస్తే దుమ్ము పడని చోటు... రంగు వాసన వచ్చినా ఎవరూ అనుమానించని చోటు. అలాంటిది ఒక్కటే ఉంది. చీకటి పడుతుండగా వెనక సందులోంచి తోసుకెళ్లి, పోలయ్య క్వార్టరు పెరటి తలుపుకి చుట్టిన తీగ విప్పాడు జోగయ్య.

లోపల గూట్లో పోలయ్య కుంచెలు ఎండిపోయి ఉన్నాయి. పక్కన చిన్న డబ్బా, బంగారు రంగుది. మూత ఊడలేదు, తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

"పోలయ్యా... మూడు వారాలు. పని అవగానే పోతాను," అని గొణిగి, బండి గోడకి ఆనించాడు.

ఇక ఇంటి వరండాలో ఖాళీ ఉంది కదా. తన పాత సైకిలుని అక్కడ నిలబెట్టి, ట్యాంకు ఉండవలసిన చోట మట్టికుండ కట్టి, హెడ్‌లైటు బదులు చెంబు బోర్లించి, పైన ముసుగు వేశాడు. దూరం నుంచి చూస్తే రాజ్‌దూతే. దగ్గర నుంచి చూస్తే ఎవరో సన్నగా చిక్కిపోయిన రాజ్‌దూత్. పార్వతమ్మ మర్నాడు ఉదయం వచ్చి, అన్న చెప్పినట్టే, ఆ కుండ మీద దుమ్ము శ్రద్ధగా దులిపింది. జోగయ్య గుండె కుదుటపడింది.

రోజూ భోజనమయ్యాక భజనకని చెప్పి బయలుదేరేవాడు. మడ్‌గార్డు, హ్యాండిలు పగలు హథ్‌ఖోజ్ తీసుకెళ్లి, అక్కడ చిన్న షెడ్డు నడిపే స్నేహితుడు ధర్మారావు చేత సాపు చేయించాడు. మిగిలినదంతా తన చేతిమీదే. సొట్టలో లప్పం నింపాలి, ఆరాక నీళ్లు చల్లి రేగ్‌మాల్, అంటే గరుకు కాగితంతో గోకాలి. మళ్లీ నింపాలి, మళ్లీ గోకాలి. రుబ్బురోలు అంచు తడిమినంత నున్నగా రావాలి. అప్పుడు రంగు. రంగు చిమ్మే యంత్రం తెస్తే వీధంతా లేస్తుంది గనక, దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు కడిగి సిద్ధం చేసుకున్నాడు. పవర్‌హౌస్ బజారులో రంగు కొట్టువాడికి అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చిన రంగు పెచ్చు చూపించి, అదే నేరేడు రంగు కలిపించాడు.

థిన్నరు మూత తీసిన రాత్రి వీధిలో అరటిపండు వాసన మూడింతలైంది. దానికి తోడు కొత్తగా ఒక చప్పుడు... కర్ర్... కర్ర్...

"పోలయ్యకి ఆకలేస్తోంది," అంది గున్నమ్మ. మర్నాడు సాయంత్రం గేటు దగ్గర అరటిపళ్ల అత్తం ఒకటి పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

గోకిగోకి అలిసిన జోగయ్యకి అవి కనిపించాయి. పాపపుణ్యాల మాట కాసేపు పక్కనపెట్టి తిన్నాడు. తొక్కలు పద్ధతిగా ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

తెల్లారేసరికి వీధికి వీధీ అక్కడుంది. పోలయ్య అందుకున్నాడు! ఇక రోజూ పళ్లే. పళ్లతో పాటు కోరికలు కూడా. చీకట్లో గేటు దగ్గర నిలబడి, ఒకరు బదిలీ ఆపమనేవారు, ఒకరు కొడుక్కి హిందీలో మార్కులు వేయించమనేవారు. గున్నమ్మ తన మోకాలి నొప్పి తీసేయమంటే, లోపల జోగయ్య తన మోకాలు తడుముకున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది.

తర్వాత వారం జోగయ్యకి రాత్రి షిఫ్టు పడింది. రాత్రంతా ప్లాంటులో ఉండి, తెల్లారి వస్తూ వెనక సందులోంచి ఊరికే ఒకసారి తొంగిచూశాడు.

లప్పం నున్నగా ఉంది.

తాను గరుకుగా వదిలేసి వెళ్లాడు. బాగా గుర్తుంది. ఇప్పుడు వేలు పెడితే జారిపోతోంది.

నిద్రమత్తు అనుకున్నాడు. రెండో రోజు చూస్తే — తాను మరిచిపోయిన రెండో పక్క కూడా గోకి ఉంది. నేల తుడిచి ఉంది. వాడిన రేగ్‌మాల్ ముక్కలు నాలుగు మడతలు పెట్టి గూట్లో ఉన్నాయి... పోలయ్య కుంచెల పక్కన.

జోగయ్య తలుపు మూసేసి ఇంటికి పరుగెత్తాడు. ఎవరికి చెప్పుకోవాలి? దెయ్యం పేరు చెప్పుకుని పళ్లు తిన్నవాడు, ఇప్పుడు దెయ్యం వచ్చిందని ఏ మొహంతో చెప్తాడు? మూడో రాత్రి డ్యూటీకని బయలుదేరి, సెలవు చెప్పించి, నల్లకంబళి తల మీదుగా కప్పుకుని వెనక సందులో నక్కాడు.

కరెంటు పోయింది. ప్లాంటు వైపు ఆకాశం మాత్రం ఎర్రగా వెలిగి ఆరింది.

లోపల్నుంచి చప్పుడు.

కర్ర్... కర్ర్... ఆగింది. నీళ్లు చిలకరించిన సవ్వడి. మళ్లీ — కర్ర్...

జోగయ్య తలుపు తోశాడు. తోశాననే ఆయన అనేవాడు గానీ, కంబళి కాళ్లకి చుట్టుకుని తలుపు మీద పడ్డాడన్నదే నిజానికి దగ్గర.

మూల చిన్న దీపం. దాని ముందు గొంతుకూర్చుని ఒక ఆకారం. తెల్లని బట్ట. తెల్లని జుట్టు. అది నెమ్మదిగా ఇటు తిరిగింది... ముఖం కూడా తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది.

జోగయ్య కంబళిని మొహం మీదికి లాక్కున్నాడు.

ఆ ఆకారం చేతిలో నీళ్ల చెంబు విసిరింది. అది నేరుగా వచ్చి చీరుకున్న మోకాలికే తగిలింది. తర్వాత గోడకి అంటుకుపోయి అంది:

"పోలయ్య మామా... నన్నొగ్గీ. నేను జోగయ్య పెళ్లాన్ని."

ఇరవై ఏళ్ల కాపురంలో పార్వతమ్మ నోట తన పేరు రావడం జోగయ్య వినడం అదే మొదటిసారి. దెయ్యానికి చెప్పింది, మొగుడికి చెప్పలేదు.

కంబళి తీశాడు. ఆమె మొహం మీద లప్పం పొడి తుడుచుకుంది.

"నీకెలా తెలిసిందే?" అన్నాడు జోగయ్య.

"మీ లుంగీ ఉతికేది ఎవులు? భజనకెళ్లినోళ్ల లుంగీకి అరటిపండు వాసనేటి?"

"మరి ఆ కుండ..."

"దులిపినాను కదా. పగిలిపోద్దేమోనని మెల్లగా దులిపినాను."

అన్నీ మొదటి రోజునుంచే తెలుసట. తిడదామని వచ్చిందట. తీరా ఆ ట్యాంకు చూసి, తన పూచీ గుర్తొచ్చి, తిట్టేబదులు రేగ్‌మాల్ పట్టుకుందట. ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి, దానికి ఇదొక లెక్కా అంది. మొగుడు గోకినది చూస్తే ఏడుపొచ్చిందని కూడా అంది. జోగయ్య ఆ మాట పట్టించుకోలేదు.

ఆ తర్వాత కొన్ని రాత్రులు ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆమె దీపం పట్టుకుంటే ఆయన ఫ్లిట్ పంపు కొట్టేవాడు. గేటు దగ్గర పళ్లు చెరిసగం తినేవారు. పెళ్లైన కొత్తలో కూడా అంత గుసగుసగా మాట్లాడుకోలేదని పార్వతమ్మ తర్వాత ఒకరితో చెప్పిందట. ఆఖరి పూత పూసి, ట్యాంకుని దూలానికి తీగతో వేలాడదీసి, తలుపు బిగించి వచ్చేశారు. ఆరనివ్వాలి కదా.

రెండ్రోజులాగి బండి బిగించడానికి వెళ్లారు. దీపం ఎత్తి చూస్తే, ట్యాంకుకి రెండు పక్కలా సన్నని బంగారు గీత. హ్యాండిలు వైపు మొదలై, ఒంపు వెంట జారి, సీటు కిందకి పోయే కొస దాకా సాగి చీకట్లో కలిసింది. ఎక్కడా తొణకలేదు.

ముగ్గేసే చెయ్యి కదా అనుకున్నాడు జోగయ్య. బావ అడిగితే, చెల్లెలు ముచ్చటపడి గీసిందని చెప్పొచ్చులే అనుకున్నాడు.

"గీత బాగొచ్చింది," అన్నాడు.

"అవును, బాగొచ్చింది," అంది పార్వతమ్మ, ఆయన వైపు ముచ్చటగా చూస్తూ.

బండి ఇంటికి చేరింది. కుండ వంటింటికి, సైకిలు గోడ పక్కకి.

మర్నాడు సాయంత్రం బలరాం దిగాడు. చేతిలో జీడిపప్పు సంచి. కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా వరండాకి వెళ్లి ముసుగు తీశాడు. పార్వతమ్మ టీ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయింది. ఆమె ఇచ్చిన మాట అంతా ఆ ట్యాంకు మీదే ఆని ఉంది.

బలరాం వంగాడు. చక్రం చూశాడు. మడ్‌గార్డు చూశాడు. తల పంకించాడు. ట్యాంకు దగ్గరికొచ్చి... ఆగిపోయాడు. సీటు అంచు పైకెత్తి, దాని కింద గీత ఎక్కడ ఆగిందో చూశాడు.

అక్కడొక చిన్న చిలకముక్కు ఉంది.

ఆయన చెయ్యి తీసేశాడు. జీవితంలో మొదటిసారి, తన బండి మీంచి తన చెయ్యే తీసేశాడు.

"ఈ గీత ఎవులు గీసినారు?"

జోగయ్య పార్వతమ్మ వైపు చూశాడు. పార్వతమ్మ జోగయ్య వైపు చూసింది.

"నువ్వు కాదేటి?" అన్నాడాయన మెల్లగా.

"నేనెక్కడ? మీరు కదా," అంది ఆమె.

వాళ్లు కొన్నది నేరేడు రంగు ఒక్కటే. ఆ సంగతి జోగయ్యకి అప్పుడు తట్టింది.

బలరాం వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. గొంతు తగ్గించి చెప్పాడు. సెకండ్‌హ్యాండులో ఈ బండి కొన్న కొత్తలో పోలయ్యని ఒక బంగారు గీత గీయమని తానే బతిమాలాడట. పోలయ్య ట్యాంకు తడిమి చూసి ఒప్పుకోలేదట.

"ఒకరేసిన పాత రంగు మీద నేను గీయను బలరాం, అన్నాడు. ఎప్పుడైనా మళ్లీ రంగేయించు... పిలవక్కర్లేదు, నేనే వొచ్చి గీస్తాను, అన్నాడు."

వీధిలో ఎక్కడో కుక్క మొరిగి ఆగింది.

బలరాం తల నెమ్మదిగా లేచింది. భయంలోంచి లెక్క ఒకటి తేలింది ఆ కళ్లలో.

"అంటే... మళ్లీ రంగేసినారు."

జోగయ్య మేక దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. బలరాం విని, బావని ఏమీ అనకుండా చెల్లెలి వైపు తిరిగాడు.

"పూచీ అన్నావు కదే పార్వతీ."

"అన్నాను కాబట్టే గోకినాను," అంది పార్వతమ్మ. "నా చేతులు చూడు అన్నయ్యా, తోలు లేదు."

బలరాం ఆ చేతులు చూశాడు. బండి చూశాడు. తిడదామని నోరు తెరిచాడు గానీ, పొద్దు గుంకుతోంది, ఆ చిలకముక్కు తననే చూస్తున్నట్టుంది. తిట్లు లోపలే ఉండిపోయాయి. వెళ్లేటప్పుడు వరండా మేకుకి తగిలించిన తాళంచెవి తీసి జోగయ్య చేతిలో పెట్టాడు.

"ఉంచుకో. పోలయ్య గీసింది నేను తుడిచీలేను, దాని మీద కూర్చోలేను."

బారెడు దూరం నడిచాక వెనక్కి తిరిగి, "సైకిలు చెయ్యే నీది, జాగ్రత్త," అన్నాడు. అది మాత్రం ఊరుకోలేకపోయాడు.

ఏళ్ల తరబడి ఏ బండి కోసం తపించాడో ఆ బండి జోగయ్యదైంది. ఎక్కడానికి ధైర్యం లేదు. పగటిపూట మాత్రమే, అదీ వెనక పార్వతమ్మ కూర్చుంటేనే నడిపేవాడు. ఆమెకి దెయ్యం మీద భయం పోయింది. మనకి మేలు చేసినోడేగా అనేది. ఒకరోజు కూరగాయలు తరుగుతూ ఇంకో మాట కూడా అంది.

"ఏటండీ... మన సైకిల్‌కి కూడా ఒక గీత గీయమని అడిగితే?"

జోగయ్య వద్దన్నాడు. ఆ సాయంత్రం ఆమె మంచి అత్తం ఒకటి కొని, ఆ పాత నల్ల సైకిలు నడిపించుకెళ్లి, పోలయ్య గేటుకి ఆనించి వచ్చేసింది. రాత్రంతా జోగయ్యకి కునుకు లేదు. పార్వతమ్మ మాత్రం పక్కనే గురకపెట్టి నిద్రపోయింది. ఆ గురక ఆయన తెల్లవార్లూ విన్నాడు.

తెల్లారగానే పరుగెత్తాడు.

సైకిలు మీద గీత లేదు.

ప్రాణం లేచొచ్చింది. దెయ్యమూ లేదు, ఏమీ లేదు. ఎవరో తుంటరి పెయింటరు చేసిన పని అయ్యుంటుందనుకుని ఒంటరిగా నవ్వుకున్నాడు. అరటిపళ్లు మేకలు తినేసి ఉంటాయనుకున్నాడు... కానీ మేకలైతే తొక్కలు వదలవు. ఇక్కడ తొక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

సైకిలు ఇంటికి నడిపిద్దామని చెయ్యి వేశాడు. చెయ్యి జారింది.

చూశాడు. నల్లరంగు లేదు. హ్యాండిలు నుంచి వెనక చక్రం దాకా, గొట్టమంతా నున్నగా గోకి ఉంది. పాత రంగన్నది మచ్చుకైనా మిగలలేదు. తెల్లని ఇనుము పొద్దుటెండకి మెరుస్తోంది.

క్యారియరులో, నాలుగు మడతలు పెట్టిన రేగ్‌మాల్ ముక్క. ఇంకా తడిగా ఉంది.